నాలుగు జీబీ ఇస్తే మూడుంబావే ఎందుకు చూపిస్తుంది?

మన సొసైటీ కంప్యూటర్ గదికి పాత కంప్యూటర్లో, వాటిలో వేసే ర్యామో ఇచ్చిన పెద్దలు కొందరు ఒక ప్రశ్న అడుగుతున్నారు. "సార్, మేం నాలుగు జీబీ వేయించి ఇచ్చినం. ఇక్కడ తెర మీద మూడుంబావే చూపిస్తున్నది. మిగతాది ఏమైనట్టు?" పైకి అనకపోయినా, మధ్యలో ఎవరైనా తీసి వేరేది పెట్టారేమో అన్న అనుమానం ఆ మాటలో ఉంటుంది. ఇంకొందరిది మరో రకం అనుమానం. "విండోస్ తీసేసి ఆ లినక్స్ వేసిండ్రు గదా. ఊరికే వచ్చేది. అది ఉన్న మెమరీ మొత్తాన్ని వాడుకోలేదేమో?"

ఈ అనుమానాలను నేను తప్పు పట్టను. ఇచ్చిన వస్తువు అమానత్. లెక్క అడిగే హక్కు ఇచ్చినవారిది, చెప్పాల్సిన బాధ్యత తీసుకున్నవారిది. ఒక్కొక్కరికీ నిలబడి చెప్పేకంటే సావనీర్‌లో రాస్తే అందరికీ చేరుతుందని ఈ వ్యాసం రాస్తున్నాను. నేను కంప్యూటర్ ఇంజనీరును కాను, బడిపంతులును. కాబట్టి ఇందులో పెద్ద పెద్ద మాటలు తక్కువగా, లెక్క ఎక్కువగా ఉంటుంది.

జవాబు ముందే చెప్పేస్తాను. వాడుకోగలదు. కంప్యూటర్‌లో ఎంత ర్యామ్ పడితే అంతా లినక్స్ వాడుకుంటుంది. ఊరికే వచ్చేది కాబట్టి నాసిరకం అనుకునేవారికి ఒక్క మాట. ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితా ఏడాదికి రెండుసార్లు వెలువడుతుంది. 2017 నవంబర్ జాబితా నుంచి ఆ 500 కంప్యూటర్లూ లినక్స్ మీదే నడుస్తున్నాయి. వాటిలో ఉండే మెమరీ ముందు మన నాలుగు జీబీ, ఎనిమిది జీబీ ఏ మూలకూ రావు.

మరి తెర మీద అంకె ఎందుకు తగ్గుతుంది? కారణం ఒక్కటి కాదు. కొన్నింటిని మనం సరిచేయగలం, కొన్నింటిని ఎవరూ సరిచేయలేరు. ఏది ఏదో తెలియకపోతే దాతల డబ్బు అక్కర లేని చోట ఖర్చవుతుంది. అక్కర ఉన్న చోట మాత్రం కంప్యూటర్ అట్లాగే మూలుగుతూ ఉంటుంది.

ముందు ర్యామ్ అంటే ఏమిటో చూద్దాం. హార్డ్ డిస్క్ బీరువా లాంటిది. పుస్తకాలన్నీ అందులో ఉంటాయి, కరెంటు పోయినా పోవు. ర్యామ్ టేబుల్ లాంటిది. పని చేయాలంటే పుస్తకం బీరువాలోంచి తీసి టేబుల్ మీద పరచాలి. టేబుల్ ఎంత పెద్దదైతే అన్ని పుస్తకాలు ఒకేసారి తెరిచి పెట్టుకోవచ్చు. టేబుల్ చిన్నదైతే ఒకటి తీసి, ఒకటి పెట్టి, మాటిమాటికీ బీరువా దగ్గరికి నడవాలి. పాత కంప్యూటర్ నెమ్మదిగా నడుస్తున్నదని మనం అనేది చాలాసార్లు ఈ నడకనే.

ఈ టేబుల్ మీద ప్రతి చిన్న గడికీ ఒక నంబరు ఉంటుంది. ఇంటికి డోర్ నంబర్ ఉన్నట్టు. ప్రాసెసర్ ఏదైనా పెట్టాలన్నా, తీయాలన్నా ఆ నంబరుతోనే పిలుస్తుంది. పాత కంప్యూటర్లలో ఈ నంబరుకు 32 స్థానాలు. ఒక్కో స్థానంలో సున్నా గానీ ఒకటి గానీ ఉండాలి. అంటే రెండును రెండుతో 32 సార్లు గుణించినన్ని నంబర్లు వస్తాయి. మా ఎనిమిదో తరగతి పిల్లలు కూడా ఘాతాంకాల పాఠంలో చేసే లెక్కే. జవాబు 4,29,49,67,296. అంటే 429 కోట్ల చిల్లర. సరిగ్గా 4 జీబీ. ఇంతకు మించి ఇంకో గడి ఉన్నా దాన్ని పిలవడానికి నంబరు లేదు. ఐదంకెల ల్యాండ్‌లైన్ ఉన్న కాలంలో ఎక్స్ఛేంజ్ ఎంత వైరు లాగినా లక్షకు మించి నంబర్లు ఇవ్వలేకపోయేది. ఇదీ అదే ఇబ్బంది.

సరే, 4 జీబీకి నంబర్లు సరిపోయాయి కదా, మరి మూడుంబావు ఏమిటి? ఇది అర్థం కావాలంటే మన ఊరి చుట్టూ వేస్తున్న లేఅవుట్లను తలచుకోండి. నాలుగెకరాలు కొని వెంచర్ వేస్తే నాలుగెకరాలూ ప్లాట్లుగా అమ్ముకోలేం. రోడ్లకు, డ్రైనేజీకి, పార్కుకు గజాలు వదలాలి. కంప్యూటర్‌లోనూ అంతే. తెరను నడిపించే గ్రాఫిక్స్ కార్డు, నెట్‌వర్క్ కార్డు, యూఎస్‌బీ, బయాస్ చిప్పు, వీటన్నింటినీ ప్రాసెసర్ నంబరుతోనే పిలవాలి. ఆ నంబర్లను 4 జీబీ వరుసలో చివరి భాగం నుంచి కేటాయించారు. ఆ నంబర్లు పరికరాలకు పోయాక మిగిలేవి మూడు, మూడుంబావు, ఒక్కోసారి మూడున్నర జీబీకి సరిపడా. ర్యామ్ నాలుగు జీబీ లోపలే ఉంది, ఎవరూ తీయలేదు. కానీ దానిలో ముప్పావు జీబీకి డోర్ నంబర్ లేదు. పోస్ట్‌మ్యాన్‌కు ఆ ఇల్లు లేనట్టే.

32 బిట్ల విండోస్ ఉన్న కంప్యూటర్లలోనూ ఇదే కనబడేది. విండోస్ 7లో కంప్యూటర్ వివరాలు చూస్తే 4 జీబీ అని రాసి, పక్కనే బ్రాకెట్లో వాడదగినది 3.25 జీబీ అని చూపించేది చాలామందికి గుర్తుండి ఉంటుంది. అంటే ఇది లినక్స్ జబ్బు కాదు, 32 బిట్ల జబ్బు.

ఇంకా చెప్పాలంటే, ఈ విషయంలో లినక్స్‌దే పైచేయి. ఇంటెల్ కంపెనీ 1995లో పెంటియం ప్రో అనే ప్రాసెసర్‌తో ఒక ఉపాయం తెచ్చింది. పేరు పీఏఈ. నంబరుకు ఇంకో నాలుగు స్థానాలు కలిపి 36 చేసింది. దాంతో 64 జీబీ దాకా నంబర్లు వచ్చాయి. ఇళ్లలో వాడే 32 బిట్ల విండోస్‌కు ఈ ఉపాయం అందుబాటులో ఉన్నా, మైక్రోసాఫ్ట్ 4 జీబీ గీత దాటనివ్వలేదు. లినక్స్ మాత్రం 2001లో వచ్చిన 2.4 కెర్నెల్ నాటికే దాన్ని వాడుకుంది. కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో గుండెకాయ లాంటి భాగం. పీఏఈ ఉన్న కెర్నెల్ వేసుకుంటే 32 బిట్ల లినక్స్ కూడా 4 జీబీ దాటి చూస్తుంది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. మొత్తం కంప్యూటర్‌కు 64 జీబీ కనబడినా, ఒక్కొక్క ప్రోగ్రాముకు మాత్రం మామూలుగా 3 జీబీకి మించి దక్కదు. మిగిలిన 1 జీబీ నంబర్లు కెర్నెల్ తన కోసం ఉంచుకుంటుంది. ఆ ఒక్క జీబీలోనూ అది నేరుగా చేయి చాచి అందుకోగలిగేది 896 ఎంబీ. మరీ పాత కెర్నెల్ వేసిన ఒక జీబీ కంప్యూటర్లలో కొన్ని 880 ఎంబీకి అటూ ఇటూ చూపించడానికి కారణం ఇదే. లినక్స్‌ను 1991లో మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్‌కే పీఏఈ అంటే గిట్టదు. చిన్న టేబుల్‌కు పక్కన స్టూళ్లు వేసుకుని పని గడుపుకోవడం లాంటిది అది. గడుస్తుంది, కానీ సుఖం ఉండదు.

అసలు పరిష్కారం 2003లో వచ్చింది. ఏఎండీ కంపెనీ ఆ సంవత్సరం 64 బిట్ల ప్రాసెసర్లు విడుదల చేసింది, తర్వాత ఇంటెల్ కూడా అదే దారి పట్టింది. వీటి మీద నడిచే 64 బిట్ల లినక్స్‌కు చాలా ఏళ్లపాటు 64 టీబీ గరిష్ఠం. ఒక టీబీ అంటే 1024 జీబీ. 2017లో వచ్చిన 4.14 కెర్నెల్‌తో ఆ గరిష్ఠం 4 పీబీకి, అంటే 4096 టీబీకి పెరిగింది. మన కంప్యూటర్ గదికి ఈ హద్దు ఎప్పుడూ అడ్డం రాదు.

ఇక్కడే దాతలు గమనించాల్సిన అసలు విషయం ఉంది. పాత కంప్యూటర్‌లో 64 బిట్ల ప్రాసెసర్ ఉన్నా, దాని మీద 32 బిట్ల లినక్స్ వేసి ఉండొచ్చు. ఒకప్పుడు శిక్షణ శిబిరాల్లో పంచిన సీడీలు ఎక్కువగా 32 బిట్లవే. ఏ కంప్యూటర్ మీదైనా నడుస్తాయి కాబట్టి అవే పంచేవారు. అటువంటి కంప్యూటర్‌కు ఇంకో 4 జీబీ ర్యామ్ కొని పెట్టడం కంటే, రూపాయి ఖర్చు లేకుండా 64 బిట్ల లినక్స్ మళ్లీ వేయడం మేలు. ఉన్న ర్యామ్ అంతా వెలుగులోకి వస్తుంది. ఒకటే జాగ్రత్త. 32 నుంచి 64కు మారాలంటే మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయాలి. అందుకని పిల్లల ఫైళ్లన్నీ ముందే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి.

ఏది ఉందో తెలుసుకోవడం తేలిక. టెర్మినల్ తెరిచి యూనేమ్ అని ఇంగ్లీషులో కొట్టి, ఒక ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి, ఎమ్ అక్షరం కొట్టి ఎంటర్ నొక్కాలి. జవాబులో చివర 64 కనబడితే 64 బిట్ల కెర్నెల్. ఐ686 అని వస్తే 32. ఎల్ఎస్‌సీపీయూ అని కొడితే ఆ ప్రాసెసర్ 64 బిట్లను మోయగలదా లేదా అన్నది కూడా చెబుతుంది. కోర్ టూ డ్యూయో, దాని తర్వాత వచ్చిన డెస్క్‌టాప్ ప్రాసెసర్లు మోస్తాయి. ఒకప్పుడు చిన్న నెట్‌బుక్కుల్లో వచ్చిన ఆటమ్ ఎన్270 వంటివి మోయలేవు. వాటికి దారి కూడా మూసుకుపోతున్నది. ఉబుంటు 2017లోనే 32 బిట్ల డెస్క్‌టాప్ ఇవ్వడం మానేసింది. డెబియన్ కూడా 2025 ఆగస్టులో వచ్చిన 13వ విడుదలతో 32 బిట్ల పీసీలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం ఆపింది.

ఇక మదర్‌బోర్డు సంగతి. మెమరీ విషయంలో మన దగ్గర ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. ప్రాసెసర్ 64 బిట్లది, లినక్స్ 64 బిట్లది, ర్యామ్ 4 జీబీది. అయినా తెర మీద మూడు చిల్లరే. ఇది ఎట్లా? ఇందాక చెప్పిన పార్కు, రోడ్ల నంబర్లు గుర్తున్నాయి కదా. వాటి కింద చిక్కుకుపోయిన ర్యామ్‌ను 4 జీబీ గీతకు అవతల కొత్త నంబర్లు ఇచ్చి కూర్చోబెట్టే పని మదర్‌బోర్డు మీది చిప్‌సెట్ చేయాలి. బయాస్‌లో మెమరీ రీమ్యాప్ అనే పేరుతో కనబడేది అదే. కొన్నింటిలో అది ఆపి ఉంటుంది, తెరిస్తే సరిపోతుంది. కానీ ఇంటెల్ 945 చిప్‌సెట్‌కు ఆ శక్తే లేదు. ఆ బోర్డు మీద ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేసినా మూడుంబావు దగ్గరే ఆగుతుంది. లినక్స్‌ను తిట్టి లాభం లేదు, విండోస్ కొన్నా లాభం లేదు. ఆ బోర్డుకు రెండు జీబీ ర్యామ్ రెండు కొనేకంటే, ఒకటి రెండు జీబీది, ఒకటి ఒక జీబీది వేస్తే చాలు. కోల్పోయేది పావు జీబీ మాత్రమే.

బోర్డును బట్టి గరిష్ఠం కూడా ఉంటుంది. ఆఫీసుల నుంచి, షాపుల నుంచి మనకు వచ్చే కంప్యూటర్లలో తరచుగా కనబడే జీ31 బోర్డుకు గరిష్ఠం 4 జీబీ, జీ41కు 8 జీబీ, హెచ్61కు 16 జీబీ. జీ41కు ఇంకో పేచీ ఉంది. దానికి 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ కొనేటప్పుడు రెండు వైపులా ఎనిమిదేసి చొప్పున పదహారు చిప్పులున్నదే తీసుకోవాలి. ఒకవైపే ఎనిమిది చిప్పులున్న కొత్త రకం పెడితే సగమే గుర్తిస్తుంది, లేదా అసలు ఆన్ కాదు. అప్పుడు కొన్నవారు షాపువాణ్ని, షాపువాడు బోర్డును తిట్టుకుంటారు. నిజానికి ర్యామ్ బాగానే ఉంటుంది, బోర్డూ బాగానే ఉంటుంది. సంబంధం మాత్రం కుదరదు.

ఇన్ని లెక్కలు చూసే ముందు ఒక చిన్న పరీక్ష చేయాలి. మన ప్రాంతంలో దుమ్ము ఎక్కువ. ర్యామ్ అడుగున ఉండే బంగారు రంగు పళ్ల మీద మసి పట్టి, రెండింటిలో ఒకటి పనిచేయకుండా పోవడం మామూలే. కరెంటు తీసేసి, ర్యామ్ బయటికి తీసి, పెన్సిల్ రబ్బరుతో ఆ పళ్లను మెల్లగా రుద్ది, పొడి లేకుండా తుడిచి, రెండు పక్కలా క్లిప్పులు టక్కుమనేలా నొక్కి పెట్టాలి. 4 జీబీలో 2 జీబీ మాత్రమే కనబడితే, అంటే సరిగ్గా సగం పోతే, నూటికి తొంభై సార్లు ఇదేనని నా అనుభవం. మూడుంబావు లాంటి వంకర అంకె వస్తేనే నంబర్ల గొడవ అనుకోవాలి.

తగ్గుదలలో ఇంకో భాగం గ్రాఫిక్స్‌ది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్లలో తెర మీది బొమ్మ కోసం ర్యామ్‌లోంచే కొంత కోత పడుతుంది. కొన్నింట్లో 32 ఎంబీ, కొన్నింట్లో 512 ఎంబీ, కొన్ని ఏఎండీ ల్యాప్‌టాప్‌లలో 2 జీబీ దాకా. ఎనిమిది జీబీ ల్యాప్‌టాప్ ఆరు చూపిస్తున్నదంటే ముందు చూడాల్సింది ఇది. బయాస్‌లో మార్చే వీలుంటే తగ్గించుకోవచ్చు. మన పిల్లలు టైపింగ్, లెక్కల పట్టికలు, ఆన్‌లైన్ దరఖాస్తులు చేస్తారు గానీ ఆటలాడరు కాబట్టి తక్కువ చాలు.

చివరి కోత కెర్నెల్‌ది. ఇది దొంగలెక్క కాదు, నికార్సైన లెక్క. లినక్స్ మెమరీని 4 కేబీ చొప్పున పేజీలుగా విడగొడుతుంది. ఏ పేజీ ఎవరి దగ్గర ఉందో రాసుకోవడానికి 64 బిట్ల కంప్యూటర్లలో పేజీకి 64 బైట్ల చొప్పున ఒక రిజిస్టర్ పెడుతుంది. 8 జీబీలో ఇటువంటి పేజీలు 20,97,152. ఒక్కోదానికి 64 బైట్లు అంటే రిజిస్టర్‌కే 128 ఎంబీ. దానికి తోడు కెర్నెల్ తాను కూర్చునే చోటు, బయాస్ పట్టుకున్న చోటు. ఇవన్నీ పోనూ మొత్తం అనే గడిలో 7.6, 7.7 కనబడుతుంది. నూరు పేజీల పుస్తకంలో ముందు విషయసూచికకు రెండు పేజీలు పోయినట్టు. ఈ కోత ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనైనా ఏదో ఒక రూపంలో ఉంటుంది. దీన్ని సరిచేయాలని చూడకూడదు.

అరుదుగా దీనికి తిరుగుడు కూడా జరుగుతుంది. కొన్ని ప్రోగ్రాములు జీబీని 1024 లెక్కన కాకుండా 1000 లెక్కన కొలుస్తాయి. అప్పుడు 8 జీబీ కాస్తా 8.2 అనో 8.3 అనో కనబడుతుంది. అది చూసి ఎవరూ ఫిర్యాదు చేసినట్టు నాకు గుర్తులేదు.

ఇక్కడిదాకా మెమరీ కనబడటం గురించి. కనబడిన తర్వాత దాన్ని లినక్స్ ఎట్లా వాడుతుందనేది ఇంకో కథ. అందులోనూ ఒక అపోహ ఉంది. ఫ్రీ అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత, హెచ్ కొడితే ఒక చిన్న పట్టిక వస్తుంది. 8 జీబీ కంప్యూటర్‌లో ఉదాహరణకు ఇట్లా ఉంటుంది. టోటల్ 7.6. యూజ్డ్ 1.8. ఫ్రీ 0.4. బఫ్/క్యాష్ 5.4. చివర అవైలబుల్ 5.5. మధ్యలో ఉన్న ఫ్రీ 0.4 చూసి, "అయ్యో, మెమరీ అంతా అయిపోయింది, ఇంకో ఎనిమిది కొనాలి" అనేవారున్నారు. కొనక్కర్లేదు.

లినక్స్ పొదుపు మనిషి. ఖాళీగా ఉన్న టేబుల్ దానికి నచ్చదు. బీరువాలోంచి ఒకసారి తెచ్చిన పుస్తకాన్ని, పని అయ్యాక కూడా, చోటు ఉంటే టేబుల్ మీదే ఉంచుతుంది. మళ్లీ అడిగితే బీరువా దాకా నడవకుండా అందిస్తుంది. మన గదిలోనే పరీక్షించి చూడొచ్చు. కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే లిబ్రేఆఫీస్ తెరిస్తే కాసేపు తిప్పుతుంది. మూసేసి మళ్లీ తెరిస్తే చటుక్కున వస్తుంది. ఆ 5.4 జీబీ చేస్తున్న పని అదే. కొత్త ప్రోగ్రాము వచ్చి చోటు అడిగితే ఆ పుస్తకాల్లో చాలావాటిని అప్పటికప్పుడు తీసేసి ఇస్తుంది. కాబట్టి చూడాల్సింది ఫ్రీ అంకె కాదు, అవైలబుల్ అంకె. ఇంత గందరగోళం ఉండబట్టే 2014లో వచ్చిన 3.14 కెర్నెల్ నుంచి ఆ అంచనాను కెర్నెల్ స్వయంగా లెక్కగట్టి ఇవ్వడం మొదలైంది.

అవైలబుల్ నిజంగానే తగ్గిపోతే అప్పుడు కష్టం. ముందు హార్డ్ డిస్క్‌లో స్వాప్ అనే చోటును వాడుకుంటుంది. అంటే టేబుల్ నిండి పుస్తకాలు నేల మీద పెట్టడం. కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది, డిస్క్ లైటు ఆగకుండా వెలుగుతుంది. అదీ నిండితే కెర్నెల్ ఒక కఠినమైన పని చేస్తుంది. ఎక్కువ మెమరీ మింగుతున్న ప్రోగ్రామును ఎంచి మూసేస్తుంది. అది సాధారణంగా బ్రౌజరే అవుతుంది. దోస్త్‌లో డిగ్రీ సీటుకు ఆప్షన్లు పెడుతున్న పిల్లకో, ఈపాస్‌లో స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపుతున్న పిల్లవాడికో సరిగ్గా చివరి పేజీలో బ్రౌజర్ మాయమైతే ఆ ముఖాలు చూడలేం. వెనకాల పది ట్యాబులు, ఒక పాటల వీడియో తెరిచి ఉంటాయి లెండి. అయినా 2 జీబీ కంప్యూటర్‌తో ఇవ్వాళ్టి వెబ్‌సైట్లు తెరవడం అంటే సైకిల్ మీద పత్తి బస్తాలు జమ్మికుంట మార్కెట్‌కు మోయడమే. ర్యామ్ దానం నిజంగా ఫలించేది ఇటువంటి కంప్యూటర్లలో. 2ను 4 చేస్తే తేడా వెంటనే కనబడుతుంది. 4ను 8 చేస్తే హాయిగా ఉంటుంది. మనం చేసే పనులకు 8ను 16 చేయడం వృథా. ర్యామ్ దొరకని పాత బోర్డులకు జెడ్‌ర్యామ్ అనే సదుపాయం ఉంది. అది టేబుల్ మీది కాగితాలను మడిచి తక్కువ చోటులో సర్దుతుంది. కెర్నెల్‌లోనే ఉంది, ఖర్చు లేదు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. 64 బిట్ల ప్రోగ్రాములు 32 బిట్ల వాటికంటే కొంచెం ఎక్కువ మెమరీ తింటాయి, నంబర్లు పొడుగు కాబట్టి. 1 జీబీ మాత్రమే ఉండి, పెంచే వీలు లేని కంప్యూటర్‌ను 64కు మార్చి సాధించేదేమీ లేదు. దాన్ని టైపింగ్ నేర్పడానికి ఉంచుకోవడం మంచిది.

ఇదంతా మన ఒక్క గదిలోనే చేస్తున్న ప్రయోగం కాదు. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి లినక్స్ మీదే పాఠాలు చెబుతున్నారు. 2019లో అక్కడ రెండు లక్షలకు పైగా బడి కంప్యూటర్లలో ఉబుంటు ఆధారంగా తయారుచేసిన కొత్త విడుదల వేయడానికి పూనుకున్నారు. మన దగ్గర హైదరాబాద్ కేంద్రంగా 2005 నుంచి పనిచేస్తున్న స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనబడే లినక్స్‌ను తయారుచేసింది, బడి పిల్లల కోసం బాల స్వేచ్ఛ అని విడిగా తెచ్చింది. మన పిల్లలకు తెలుగుతో పాటు ఉర్దూ కూడా కావాలి. రెండింటి కీబోర్డులూ, ఉర్దూకు నస్తాలిక్ ఫాంటూ లినక్స్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

ఈ సంగతులు ఇప్పుడే రాయడానికి ఒక కారణం ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 చాలా పాత కంప్యూటర్ల మీద ఎక్కదు. అందుకే ఆఫీసులు, షాపులు, జిరాక్స్ సెంటర్లు మంచి స్థితిలో ఉన్న కంప్యూటర్లనే పక్కన పెడుతున్నాయి. వాటిలో చాలావరకు 64 బిట్లవి, 4 నుంచి 8 జీబీ ర్యామ్ ఉన్నవి. లినక్స్ వేస్తే ఆ మెమరీ అంతా పనికి వస్తుంది. పాత సామాను వాడికి అమ్మే ముందు మాకొకసారి కబురు చేయండి.

ర్యామ్ కొని ఇవ్వదలచినవారు ముందు ఏ కంప్యూటర్‌కో అడిగి కొనండి. డీడీఆర్2, డీడీఆర్3, డీడీఆర్4 ఒకదాని చోట ఒకటి పట్టవు. అడుగున గాటు వేర్వేరు చోట్ల ఉంటుంది, బలవంతంగా నొక్కితే స్లాటే విరుగుతుంది. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిది, డెస్క్‌టాప్‌ది పొడుగుది. ఈ ఏడాది నుంచి కంప్యూటర్ గది రిజిస్టర్‌లో మూడు గడులు పెడుతున్నాం. దాత ఇచ్చిన ర్యామ్ ఎంత, దాని మీది లేబుల్ నంబరుతో సహా. తెర మీద కనబడుతున్నది ఎంత. తేడా ఉంటే అది పైన చెప్పినవాటిలో ఏ కారణం వల్ల. డీమిడీకోడ్ అనే ఆదేశం మూత తెరవకుండానే ఏ స్లాట్‌లో ఎంత ర్యామ్ ఉందో, తయారీదారు రాసి ఉంచితే ఏ కంపెనీదో కూడా చూపిస్తుంది. గదికి వచ్చిన దాత ఎవరైనా సరే అడిగితే, మా పిల్లలే అది కొట్టి చూపిస్తారు.